కౌన్సెలర్ కంటే ముందు కౌంటర్: యూనివర్సిటీలో విద్యార్థుల బాగోగులు చూసుకోవడం ఎలా?

అక్టోబర్ 10 వస్తే చాలా క్యాంపస్‌లలో ఒకే తంతు. ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం అని ఫ్లెక్సీ కడతారు, సెమినార్ హాల్లో ఒక డాక్టర్ గారి చేత ఉపన్యాసం ఇప్పిస్తారు, కుర్చీలు నిండడానికి ఫస్టియర్ పిల్లల్ని తోలుకొస్తారు, శాలువా కప్పి ఫొటో దిగుతారు. అదే వారంలో అకౌంట్స్ సెక్షన్ కిటికీ ముందు పెద్ద క్యూ ఉంటుంది. స్కాలర్‌షిప్ పడలేదు, పరీక్ష ఫీజుకి రేపే ఆఖరు తేదీ, ఎల్లుండి నుంచి ఫైన్.

ఈ మార్గదర్శి ఆ కిటికీ దగ్గర మొదలవుతుంది. విద్యార్థి కుంగిపోవడానికి ఇంటి సంగతులు, ప్రేమలు, ఆరోగ్యం ఇలా సవాలక్ష కారణాలుంటాయి. వాటిలో యూనివర్సిటీ చేతిలో ఉన్నవి మాత్రం దాదాపు అన్నీ పాలనకు సంబంధించినవే: డబ్బు, గది, తిండి, మార్కులు, గైడ్, అవమానం. వీటి జోలికి పోకుండా కౌన్సెలర్‌ని పెడితే, ఫెలోషిప్ రాక అప్పులపాలైన కుర్రాడికి ఆయన గాఢంగా ఊపిరి పీల్చుకోమని చెప్పి పంపగలరు, అంతకంటే ఏం చేయలేరు.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో మన దేశంలో ఆత్మహత్య చేసుకున్న విద్యార్థులు 13,044 మంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో 2016 జనవరి 17న చనిపోయిన పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల తన చివరి ఉత్తరంలో తనకు రావాల్సిన ఏడు నెలల ఫెలోషిప్ సంగతి కూడా రాశారు. లక్షా డెబ్బై ఐదు వేల రూపాయలు. ఆ మరణం మీద కులం గురించి, రాజకీయం గురించి పెద్ద చర్చ జరిగింది, జరగాల్సిందే. దాంతోపాటు ప్రతి యూనివర్సిటీ తనను తాను అడగాల్సిన చిన్న ప్రశ్న ఒకటుంది. మన దగ్గర ఇవాళ ఎవరి డబ్బు ఏ టేబుల్ మీద ఆగి ఉంది?

ఇది డీన్‌లు, వార్డెన్లు, హెచ్‌ఓడీలు (డిపార్ట్‌మెంట్ అధిపతులు), విద్యార్థి ప్రతినిధుల కోసం రాసింది. నిధుల్లేని రాష్ట్ర యూనివర్సిటీలనే దృష్టిలో పెట్టుకున్నాను. ఇందులో చాలా పనులకు డబ్బు అక్కర్లేదు, సంతకం కావాలి.

మొదటి అడుగు: విద్యార్థి ఏడాదిని ఒక కాగితం మీద పరచండి

జూలై నుంచి మే వరకు నెలలు వరుసగా రాసి, ఏ నెలలో ఏ టెన్షన్ మొదలవుతుందో గుర్తించండి. అడ్మిషన్, హాస్టల్ గది, ఫ్రెషర్స్, మొదటి ఇంటర్నల్స్, స్కాలర్‌షిప్ రెన్యువల్, అటెండెన్స్ షార్టేజ్ జాబితా, సెమిస్టర్ పరీక్షలు, ఫలితాలు, బ్యాక్‌లాగ్స్, ప్లేస్‌మెంట్లు. ఈ పని ఆఫీసులో కూర్చుని చేస్తే తప్పుతుంది. ఆరేడుగురు విద్యార్థుల చొప్పున చిన్న గుంపులుగా కూర్చోబెట్టి చేయించండి. ఫస్టియర్ వాళ్లతో ఒకసారి, రోజూ బస్సులో వచ్చిపోయేవాళ్లతో ఒకసారి, పెళ్లయిన మహిళా స్కాలర్లతో, ఏజెన్సీ ప్రాంతం నుంచి వచ్చినవాళ్లతో, వైకల్యం ఉన్నవాళ్లతో విడివిడిగా కూర్చోండి. వాళ్లకు మార్కులు వేసే మాస్టారు ఎవరూ ఆ గదిలో ఉండకూడదు. రాసుకునే నోట్స్‌లో పేర్లు ఉండకూడదు.

అడగాల్సిన ప్రశ్న ఒక్కటి చాలు: "పోయిన సెమిస్టర్‌లో ఇక ఇంటికెళ్లిపోదాం అని ఏ రోజు అనిపించింది? ఆ రోజు ఏం జరిగింది?" మీకు ఒత్తిడి ఉందా అని అడిగితే అందరూ ఉందనే అంటారు, దానివల్ల మీకు తెలిసేది ఏమీ ఉండదు. ఏం జరిగిందని అడిగితే మాత్రం నోటీసు బోర్డు మీద పేరు పడిన సంగతి, క్లాసులో ఇంగ్లిష్ తప్పితే అందరూ నవ్విన సంగతి, మెస్ కార్డు ఆపేసిన సంగతి బయటికొస్తాయి.

గూగుల్ ఫామ్‌తో మొదలుపెట్టొద్దు. ఫామ్ నింపేది ఎక్కువగా బాగానే ఉన్నవాళ్లు. నిజంగా ఇబ్బందిలో ఉన్నవాళ్లు ఆ లింకు తెరవరు, తెరిచినా తమ ఈమెయిల్ రికార్డవుతుందేమోనని మూసేస్తారు.

రెండో ఆధారం మీ దగ్గర ఇప్పటికే ఉంది. ఏడాది మధ్యలో హాస్టల్ ఖాళీ చేసినవాళ్లు, రెండుకు మించి బ్యాక్‌లాగ్స్ ఉన్నవాళ్లు, హాజరు తగ్గినందుకు మినహాయింపు కోరుతూ కండొనేషన్ ఫీజు కట్టినవాళ్లు, టీసీ తీసుకున్నవాళ్లు. ఈ నాలుగు లెక్కల్ని డిపార్ట్‌మెంట్ వారీగా, కేటగిరీ వారీగా, ఇంటర్ చదివిన మీడియం వారీగా విడగొట్టండి. పేర్లు తీసేయండి. ఏ గడిలోనైనా ఐదుగురి కంటే తక్కువ ఉంటే ఆ అంకె బయటపెట్టొద్దు, చిన్న డిపార్ట్‌మెంట్‌లో మనిషిని ఇట్టే పోల్చేస్తారు. ఒక డిపార్ట్‌మెంట్‌లో ఆదివాసీ విద్యార్థులు వరుసగా రెండో ఏడాదిలోనే మానేస్తున్నారంటే, వెతకాల్సింది ఆ విద్యార్థుల్లో కాదు.

రెండో అడుగు: డబ్బు దగ్గర అవమానం తీసేయండి

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. తెలంగాణలో ఫీజు రీయింబర్స్‌మెంట్, ఆంధ్రప్రదేశ్‌లో అదే పని వేరువేరు పేర్లతో నడిచిన పథకాలు, కేంద్ర స్కాలర్‌షిప్ పోర్టల్, పీహెచ్‌డీ వాళ్లకు నేషనల్ ఫెలోషిప్‌లు. ఇవి ఆలస్యం కావడం కొత్త కాదు. ఆ ఆలస్యం యూనివర్సిటీ తప్పు కాకపోవచ్చు. కానీ ప్రభుత్వం ఇవ్వాల్సిన బాకీకి విద్యార్థి మీద ఫైన్ వేయడం, హాల్‌టికెట్ ఆపడం మాత్రం యూనివర్సిటీ నిర్ణయమే. దాన్ని యూనివర్సిటీయే రద్దు చేయొచ్చు. "రీయింబర్స్‌మెంట్‌కు అర్హత ఉండి, దరఖాస్తు చేసిన విద్యార్థి హాల్‌టికెట్, మార్కుల మెమో, హాస్టల్ వసతి బకాయి కారణంగా ఆపరాదు." ఈ ఒక్క వాక్యం రిజిస్ట్రార్ ఉత్తర్వుగా రావాలి. నోటిమాట చెల్లదు, కౌంటర్లో కూర్చున్న క్లర్కుకి కాగితం కావాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోవద్దని యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) 2018లోనే చెప్పింది. అయినా ఏదో ఒక పేరుతో పెట్టుకునే కాలేజీలు ఇంకా ఉన్నాయి. మీ అనుబంధ కాలేజీలకు ఏటా అడ్మిషన్ల ముందు ఆ మాట మళ్లీ రాసి పంపండి.

ఇక నోటీసు సంగతి. చాలా హాస్టళ్లలో కనిపించే నోటీసు ఇలా ఉంటుంది:

"ఈ క్రింది విద్యార్థులు మెస్ బకాయిలు చెల్లించనందున సోమవారం నుండి వారికి భోజనం నిలిపివేయబడును." దాని కింద పేర్లు, రూమ్ నంబర్లు, బాకీ మొత్తం. మెస్ తలుపుకి అంటించి ఉంటుంది. ప్లేటు పట్టుకుని లోపలికి వెళ్లే ప్రతి ఒక్కరూ చదువుతారు.

దాని బదులు విద్యార్థి ఫోన్‌కి మాత్రమే ఇలా పంపవచ్చు: "మీ మెస్ ఖాతాలో ఇంత బాకీ ఉంది. స్కాలర్‌షిప్ రావాల్సి ఉంటే దరఖాస్తు నంబర్ పంపండి, అది వచ్చేదాకా మీ భోజనం ఆగదు. వేరే ఇబ్బంది ఉంటే బుధ, శుక్రవారాల్లో నాలుగు నుంచి ఐదు గంటల మధ్య కేర్‌టేకర్ గదిలో కలవండి." బాకీ వసూలు ఏమీ తగ్గదు. ముఖం చాటేసి తిరిగేవాడు వచ్చి మాట్లాడతాడు గనక ఒకోసారి పెరుగుతుంది కూడా.

మూడోది, స్కాలర్‌షిప్ డెస్క్. దరఖాస్తుల్లో ఎక్కువ శాతం ఆగిపోయేది చిల్లర కారణాలతోనే. బ్యాంకు ఖాతాకి ఆధార్ లింక్ కాలేదు, టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒకలా ఆధార్‌లో మరోలా ఉంది, ఆదాయ ధ్రువపత్రం గడువు అయిపోయింది. తండ్రి కూలికి వెళ్లే ఇంటి నుంచి వచ్చిన పిల్ల ఈ కాగితాల కోసం మండలాఫీసు చుట్టూ తిరగాలంటే వారం క్లాసులు పోతాయి. దరఖాస్తుల సీజన్‌లో నెల రోజుల పాటు ఇద్దరు సీనియర్ విద్యార్థులకు రోజుకింత అని ఇచ్చి ఆ డెస్క్‌లో కూర్చోబెట్టండి. ఏ సీనియర్ అయితే పోయినేడు ఇదే తిప్పలు పడ్డాడో అతన్నే పెట్టండి, ఆ పోర్టల్ లోతుపాతులు ఏ ఆఫీసరుకంటే అతనికే బాగా తెలుసు.

నాలుగోది, అత్యవసర నిధి. ఇంటి నుంచి ఫోన్ వచ్చింది, రాత్రికి రాత్రి ఊరెళ్లాలి, బస్సు టికెట్‌కి డబ్బుల్లేవు. కళ్లజోడు పగిలింది. ఇలాంటి చిన్న మొత్తాల కోసం పూర్వ విద్యార్థుల విరాళాలతో ఒక నిధి పెట్టండి. ఒక పేజీ దరఖాస్తు, ముగ్గురి కమిటీ, రెండు రోజుల్లో జవాబు, తిరిగి ఇవ్వక్కర్లేదు. హెచ్‌ఓడీ సంతకం అడగొద్దు. ఆ సంతకం కోసం కథంతా చెప్పుకోవాల్సి వస్తుందని చాలామంది అసలు అడగడమే మానేస్తారు. అమెరికాలో, బ్రిటన్‌లో స్థిరపడ్డ మన పూర్వ విద్యార్థులు భవనం మీద పేరు కోసం విరాళం ఇవ్వడానికి ముందుకొస్తారు. వాళ్లను ఈ నిధి వైపు మళ్లించడం డీన్ నేర్పు మీద ఆధారపడి ఉంటుంది.

మూడో అడుగు: ర్యాంకు అడగడం ఆపండి

మన క్యాంపస్‌లలో కులం ఎవరూ నేరుగా అడగరు. "ఇంటిపేరు ఏంటి?" అంటారు, "ఏ ఊరు, ఊళ్లో ఎటువైపు?" అంటారు, "ఎంసెట్‌లో ర్యాంకు ఎంతొచ్చింది?" అంటారు. ఇంటిపేరు, ఊరు, ర్యాంకు మూడూ కలిపితే అవతలివాడికి కావాల్సిన జవాబు దొరుకుతుంది. సీనియర్లు అడిగితే ర్యాగింగ్ అంటాం, మొదటి క్లాసులో మాస్టారు అడిగితే పరిచయం అంటాం. రెండో దాన్ని కూడా ఆపాలి.

ఢిల్లీ ఎయిమ్స్‌లో దళిత, ఆదివాసీ విద్యార్థుల పరిస్థితి మీద సుఖదేవ్ థోరాట్ కమిటీ 2007లో నివేదిక ఇచ్చింది. వివక్షను నిరోధించడానికి 2012లో యూజీసీ తెచ్చిన నిబంధనల్లో ఈక్వల్ ఆపర్చునిటీ సెల్, వివక్ష వ్యతిరేక అధికారి ఉండాలని ఉంది. క్లాసులో కులం, తెగ, మతం, ప్రాంతం పేర్లు ప్రకటించడం, రిజర్వ్‌డ్ కేటగిరీ అని ముద్ర వేయడం కూడా వివక్ష కిందికే వస్తాయని అవి చెబుతున్నాయి. ఈ నిబంధనల చుట్టూ తర్వాత మార్పులు, కోర్టు కేసులు నడిచాయి కాబట్టి ఉత్తర్వు తయారుచేసే ముందు తాజా స్థితి చూసుకోండి. ఏ నిబంధన అమల్లో ఉన్నా, కింది పనులకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

రోల్ లిస్టుల్లో, హాజరు పట్టికల్లో, గ్రూపుల్లో పెట్టే ఎక్సెల్ షీట్లలో కేటగిరీ గడి తీసేయండి. ఆ సమాచారం అడ్మిషన్ సెక్షన్‌లో ఉంటే చాలు. స్కాలర్‌షిప్ వచ్చిన వాళ్లను క్లాసులో నిలబెట్టి పిలవొద్దు. ల్యాబ్ బ్యాచ్‌లు, ప్రాజెక్ట్ గ్రూపులు విద్యార్థుల ఇష్టానికి వదిలితే మొదటి వారంలోనే గీతలు పడతాయి, అక్షర క్రమంలోనో చీటీ తీసో మీరే వేయండి. హాస్టల్ గదులకూ అదే పద్ధతి, కనీసం మొదటి ఏడాది. మాకు ఇష్టమైనవాళ్లతో ఉంటాం అని గొడవ చేస్తారు, చేయనివ్వండి.

ఇంటర్నల్ మార్కులు, వైవా మార్కులు ఇంకో చిక్కు. థియరీ పేపర్లు కోడ్ నంబర్లతో దిద్దుతాం గనుక అక్కడ మొహం కనిపించదు. వైవాలో మనిషి ఎదురుగా ఉంటాడు. ఇద్దరు ఎగ్జామినర్లు విడివిడిగా మార్కులు వేసి, తర్వాత కలిపి చూసుకోవాలని పెట్టండి. ఏటా థియరీ మార్కులకూ వైవా మార్కులకూ మధ్య తేడాను కేటగిరీ వారీగా పోల్చి వీసీ ముందు పెట్టండి. ఎవరినీ నిందించక్కర్లేదు. ఆ పట్టిక తయారవుతోందని తెలిస్తే చాలు, చేతులు జాగ్రత్తగా కదులుతాయి.

నాలుగో అడుగు: భాష

ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి, టాప్‌లో ఉండి, ఇక్కడికొచ్చి మొదటి నెల అంతా నోరు విప్పని పిల్లలు ప్రతి క్లాసులో ఉంటారు. వాళ్లకు సబ్జెక్టు రాక కాదు. క్లాసులో "ఇంగ్లిష్‌లో అడుగు" అన్న ఒక్క మాటతో ప్రశ్న గొంతులోనే ఆగిపోతుంది. దీనికి తోడు శ్రీకాకుళం యాసను, తెలంగాణ పల్లె మాటను, కోయ ఇంట్లో పెరిగినవాడి తెలుగును వెక్కిరించడం మనకు సరదా కింద లెక్క.

మొదటి సెమిస్టర్‌లో ప్రశ్న ఏ భాషలో అడిగినా జవాబు చెప్పాలని టీచర్లకు చెప్పండి. ప్రతి సబ్జెక్టుకి ఒక పేజీ పదాల పట్టిక, ఇంగ్లిష్ మాట, దాని అర్థం తేలిక తెలుగులో. సీనియర్లే తయారుచేస్తారు, ఒకసారి చేస్తే ఏళ్ల తరబడి పనికొస్తుంది. కోర్సు ఇంగ్లిష్ మీడియంలో ఉన్నా స్థానిక భాషల్లో పరీక్ష రాసే వీలు కల్పించమని యూజీసీ 2023 ఏప్రిల్‌లో యూనివర్సిటీలను కోరింది. సిలబస్ నిర్ణయించే మీ బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో ఆ సంగతి ఒక్కసారైనా చర్చకొచ్చిందేమో చూడండి. ఇంగ్లిష్ నేర్పడమూ తప్పనిసరే, ఉద్యోగానికి అది కావాలి. కాకపోతే దానికి రెమెడియల్ క్లాస్ అని పేరు పెట్టి, సాయంత్రం ఐదింటికి, అందరూ క్రికెట్ ఆడుతుంటే వాళ్లను మాత్రం గదిలో కూర్చోబెట్టొద్దు. టైమ్‌టేబుల్‌లో పెట్టండి, కావాల్సినవాళ్లెవరైనా రావొచ్చని చెప్పండి.

ఐదో అడుగు: చక్రాల కుర్చీతో క్యాంపస్ తిరగండి

ఊరికే అనడం లేదు. హెల్త్ సెంటర్‌లో ఉన్న చక్రాల కుర్చీ తీసుకుని, ఇంజనీర్ సెక్షన్ వాళ్లను వెంటబెట్టుకుని, హాస్టల్ నుంచి లైబ్రరీకి, అక్కడి నుంచి పరీక్షల విభాగానికి వెళ్లండి. ర్యాంప్ ఉంటుంది, దాని ముందు బైకులు ఉంటాయి. టాయిలెట్ ఉంటుంది, దానికి తాళం ఉంటుంది, తాళంచెవి అటెండర్ దగ్గర ఉంటుంది, అటెండర్ టీకి వెళ్లి ఉంటాడు. వీటికి టెండర్లు పిలవక్కర్లేదు.

వికలాంగుల హక్కుల చట్టం 2016 ప్రకారం 21 రకాల వైకల్యాలు గుర్తింపులో ఉన్నాయి. ప్రభుత్వ, ప్రభుత్వ సాయం పొందే ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం సీట్లకు తగ్గకుండా కేటాయించాలి. పరీక్షలో గంటకు కనీసం 20 నిమిషాలు అదనపు సమయం, అవసరమైతే రాసిపెట్టే సహాయకుడు. 40 శాతం వైకల్యం ఉందన్న సర్టిఫికెట్ లేనంత మాత్రాన సహాయకుణ్ని నిరాకరించకూడదని 2021లో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇవన్నీ తెలిసినా మన దగ్గర జరిగేది ఏమిటంటే, పరీక్ష రోజు ఉదయం సూపరింటెండెంట్ దగ్గరికి ఆ విద్యార్థి పరుగెత్తాలి, సహాయకుడి గుర్తింపు కార్డు చూపించి బతిమాలుకోవాలి. అప్పటికి ఇరవై నిమిషాలు గడిచిపోతాయి. సెమిస్టర్ మొదట్లోనే ఒకసారి అనుమతి ఇచ్చి, చదువు పూర్తయ్యేదాకా అది చెల్లేలా హాల్‌టికెట్ మీదే ముద్రించండి.

తెలుగు మెటీరియల్ విషయంలో ఒక సాంకేతిక సంగతి. చూపులేని విద్యార్థులు వాడే ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడర్లు (తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) యూనికోడ్ తెలుగును చదువుతాయి. మన డీటీపీ వాళ్లు అను ఫాంట్లలో చేసిన నోట్స్ వాటికి అర్థంకాని గుర్తుల గుట్ట. స్కాన్ చేసిన ఫొటోకాపీ అయితే ఖాళీ కాగితమే. దూరవిద్య పుస్తకాలతో సహా ఇకపై తయారయ్యే ప్రతిదీ యూనికోడ్‌లో ఉండాలని ప్రెస్‌కు ఒక ఉత్తర్వు ఇస్తే చాలు.

ఆరో అడుగు: ఫిర్యాదుకు దారి చూపండి, గడువు చెప్పండి

కమిటీలు లేని యూనివర్సిటీ లేదు. ఏ కమిటీకి ఏం చెప్పాలో తెలిసిన విద్యార్థి దొరకడమే కష్టం. తెలుగులో, ఇంగ్లిష్‌లో ఒకే పేజీ తయారుచేసి ప్రతి హాస్టల్ గది తలుపు లోపలివైపు అంటించండి. బయట అంటిస్తే నిలబడి చదవడానికి మొహమాటపడతారు. అందులో ఉండాల్సినవి ఇవి:

- ర్యాగింగ్ అయితే యాంటీ ర్యాగింగ్ కమిటీ, లేదా జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997 నుంచే ర్యాగింగ్ నిషేధ చట్టం ఉంది, యూజీసీ నిబంధనలు 2009లో వచ్చాయి.
- లైంగిక వేధింపు అయితే అంతర్గత ఫిర్యాదుల కమిటీ. జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు చేయాలి, సరైన కారణం ఉంటే గడువు పొడిగించవచ్చు. విచారణ 90 రోజుల్లో పూర్తవ్వాలి. విద్యార్థులకు సంబంధించిన కేసుల్లో ఎన్నికైన ముగ్గురు విద్యార్థి సభ్యులు కూడా ఉండాలని యూజీసీ 2015 నిబంధనల్లో ఉంది.
- మార్కులు, ఫీజులు, సర్టిఫికెట్లు, వివక్ష వంటివైతే విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీ. 2023 నిబంధనల ప్రకారం 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. నచ్చకపోతే పైన అప్పీలు వినే అంబుడ్స్‌పర్సన్ ఉన్నారు.

ఫిర్యాదు అందిన రోజే నంబరు ఇవ్వండి. "మీ కాగితం చేరింది, ఫలానా తేదీలోపు ఫలానా వారు మాట్లాడతారు" అన్న రెండు ముక్కలు మెసేజ్ పెట్టండి. రాజీ పడమని, నీ భవిష్యత్తు చూసుకో అమ్మా అని సలహా ఇచ్చే పెద్దమనుషులు ప్రతి క్యాంపస్‌లో ఉంటారు. కమిటీలోకి వాళ్లను రానివ్వొద్దు.

పరిశోధక విద్యార్థుల సంగతి వేరుగా చూడాలి. డిగ్రీ విద్యార్థికి పది మంది మాస్టార్లు, స్కాలర్‌కి ఒకే గైడ్. సంతకం ఆయన చేతిలో, ఫెలోషిప్ బిల్లు ఆయన చేతిలో, థీసిస్ ఆయన చేతిలో. గైడ్ ఇంటి కరెంటు బిల్లు కట్టడానికి, పిల్లల్ని స్కూల్లో దింపడానికి వెళ్లే స్కాలర్లున్నారని అందరికీ తెలుసు, ఎవరూ కాగితం మీద పెట్టరు. ఇక్కడ మూడు పనులు చేయాలి. ఫెలోషిప్ హాజరు బిల్లు మీద గైడ్ నిర్ణీత తేదీలోపు సంతకం పెట్టకపోతే హెచ్‌ఓడీ సంతకంతో వెళ్లిపోయేలా నియమం పెట్టండి. కారణం చెప్పకుండా గైడ్‌ని మార్చుకునే అవకాశం రిజిస్ట్రేషన్ తర్వాత మొదటి ఏడాదిలో ఒకసారి ఇవ్వండి. ప్రతి సెమిస్టర్ జరగాల్సిన రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ సమావేశంలో చివరి పది నిమిషాలు గైడ్ బయటికి వెళ్లాలి, స్కాలర్ మిగతా సభ్యులతో మాట్లాడాలి. మహిళా స్కాలర్లకు 240 రోజుల దాకా ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఉంటుందని 2022 పీహెచ్‌డీ నిబంధనల్లో ఉంది. అది అడగడానికి భయపడి చదువు ఆపేసేవాళ్లున్నారు, చేరిన రోజే రాతపూర్వకంగా చెప్పండి.

ఏడో అడుగు: ఇప్పుడు కౌన్సెలర్

విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌లో ఉన్న 17 ఏళ్ల అమ్మాయి మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో దేశమంతటికీ వర్తించే 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది లేదా అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న సంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్ గానీ సైకాలజిస్టు గానీ సోషల్ వర్కర్ గానీ ఉండాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లైనా శిక్షణ ఇవ్వాలి. అదే ఏడాది మార్చిలో ఉన్నత విద్యాసంస్థల్లో విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై జస్టిస్ రవీంద్ర భట్ అధ్యక్షతన టాస్క్‌ఫోర్స్ కూడా వేసింది. కాబట్టి కౌన్సెలర్ పోస్టుకి ఫైల్ నడపడానికి ఇంతకంటే బలమైన కాగితం అక్కర్లేదు. సైకాలజీ డిపార్ట్‌మెంట్ మాస్టారికి అదనపు బాధ్యత అప్పగించి చేతులు దులుపుకోవద్దు. తనకు మార్కులు వేసే మనిషి ముందు ఎవరూ గుండె విప్పరు.

కౌన్సెలర్ గది డీన్ ఛాంబర్ పక్కన ఉండకూడదు. లైబ్రరీలోనో హెల్త్ సెంటర్‌లోనో ఉంటే ఎందుకు వెళ్తున్నారో చూసేవాళ్లకు తెలియదు. అపాయింట్‌మెంట్ మెసేజ్‌తో దొరకాలి. సాయంత్రం ఏడింటి దాకా ఉండాలి, ల్యాబ్ అయ్యాకే కదా పిల్లలు రాగలరు. తెలుగు బాగా వచ్చినవారై ఉండాలి. విద్యార్థి చెప్పింది ప్రాణాపాయం ఉంటే తప్ప వార్డెన్‌కి గానీ ఇంటికి గానీ చేరదని రాసి గోడకు పెట్టాలి, ఆ మాట నిలబెట్టుకోవాలి. "ఇంటికి ఫోన్ చేస్తాం" అన్నది చాలామంది పిల్లలకు సాయంలా వినపడదు, బెదిరింపులా వినపడుతుంది.

కౌన్సెలర్ ఒక్కరే అందర్నీ కనిపెట్టలేరు. ముందుగా చూసేది రూమ్మేట్, మెస్ వర్కర్, వాచ్‌మన్, ల్యాబ్ అసిస్టెంట్. శిక్షణ వాళ్లకూ ఇవ్వండి. రెండు గంటలు చాలు. ఏం చూడాలి: మెస్‌కి రావడం మానేయడం, రాత్రంతా మేలుకుని పగలంతా పడుకోవడం, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, "నేను లేకపోతే అందరికీ హాయి" లాంటి మాటలు. ఏం మాట్లాడాలి: పక్కన కూర్చుని, "రెండు వారాలుగా నువ్వు సరిగా తినట్లేదు రా, ఏమైంది?" అని కనిపించినదాన్నే చెప్పాలి. అనుమానం ఉంటే సూటిగా "చనిపోవాలన్న ఆలోచన వస్తోందా?" అని అడగొచ్చు. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ, అడిగినప్పుడు చాలామందికి బరువు దిగినట్టుంటుంది. "ఇంతదానికే?", "మీ అమ్మానాన్నల గురించి ఆలోచించావా?" అనకూడదు. అవునన్న జవాబు వస్తే ఒంటరిగా వదలొద్దు, తోడు ఉంటూనే కౌన్సెలర్‌కి, అర్ధరాత్రయితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయాలి. ఆ నంబర్ రోజంతా పనిచేస్తుంది, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడతారు. ప్రాణం మీదికి వచ్చినట్టుంటే 108.

ఒకవేళ క్యాంపస్‌లో అనుకోనిది జరిగితే, ఎలా జరిగింది, ఎక్కడ జరిగింది అన్న వివరాలు యూనివర్సిటీ ప్రకటనలో ఉండకూడదు. ప్రేమ వ్యవహారమనో, బ్యాక్‌లాగ్స్ అనో అదే రోజు కారణం ప్రకటించకూడదు. రూమ్మేట్లనూ, క్లాస్‌మేట్లనూ ఆ సాయంత్రమే ఎవరో ఒకరు వెళ్లి కలవాలి, వారం తర్వాత మళ్లీ కలవాలి. పరీక్షలుంటే వాయిదా అడిగేదాకా ఆగొద్దు.

ఎనిమిదో అడుగు: హాస్టల్ నియమాలు

ఇది తొందరగా తేలే విషయమే, తేల్చరు. అబ్బాయిల హాస్టల్‌కి ఏ టైమ్ ఉంటే అమ్మాయిల హాస్టల్‌కి అదే. రీడింగ్ రూమ్ రాత్రి పదకొండు దాకా తెరిచి, గేటు ఎనిమిదింటికి మూస్తే ఆ రీడింగ్ రూమ్ ఎవరిది? శానిటరీ ప్యాడ్లు టాయిలెట్‌లోనే దొరకాలి, కేర్‌టేకర్‌ని అడిగి తీసుకునేలా కాదు. ట్రాన్స్‌జెండర్ విద్యార్థి చేరితే పేరు, జెండర్ మార్పుకి 2019 చట్టం ప్రకారం వచ్చిన సర్టిఫికెట్‌ని అన్ని రికార్డుల్లో ఒకేసారి ఎక్కించాలి. హాజరు పట్టికలో పాత పేరు, ఐడీ కార్డులో కొత్త పేరు ఉంటే రోజూ క్లాసులో సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది. మెస్‌లో శాకాహారానికీ మాంసాహారానికీ గరిటెలు వేరుగా ఉండొచ్చు, బల్లలు వేరుగా ఉండకూడదు.

చివరి అడుగు: ఫైల్ అప్పగింత

డీన్లు రెండు మూడేళ్లకు మారతారు. కొత్తవారు రాగానే పాతది అటకెక్కుతుంది. అందుకే సెమిస్టర్‌కి ఒకసారి ఒకే పేజీ లెక్క తయారుచేసి అకడమిక్ కౌన్సిల్ ముందు పెట్టడాన్ని శాశ్వత అజెండా అంశంగా మార్చండి. అందులో ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్ని గడువులోగా తేలాయి, స్కాలర్‌షిప్ దరఖాస్తుల్లో ఎన్ని ఆగాయి, అత్యవసర నిధిలోంచి ఎంత ఖర్చయింది, మధ్యలో ఎంతమంది మానేశారు, కౌన్సెలర్‌ని ఎంతమంది కలిశారు అన్నవి ఉంటే చాలు. ఫిర్యాదులు మొదటి ఏడాది పెరుగుతాయి. పరిస్థితి దిగజారిందని వీసీ కంగారుపడకుండా ఆ సంగతి ముందే చెప్పి ఉంచండి, నమ్మకం కుదిరితేనే కాగితాలు వస్తాయి.

పదవి దిగే డీన్ కొత్త డీన్‌కి ఇవ్వాల్సిన ఫైల్‌లో జారీ అయిన ఉత్తర్వుల కాపీలు, కమిటీల సభ్యుల పేర్లు, వాళ్ల పదవీకాలం ముగిసే తేదీలు, నిధి పాస్‌బుక్, పెండింగ్ కేసుల జాబితా, దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రి మానసిక వైద్య విభాగం ఫోన్ నంబర్ ఉండాలి. ఇద్దరూ సంతకం పెట్టి ఒక కాపీ రిజిస్ట్రార్‌కి, ఒక కాపీ విద్యార్థి ప్రతినిధులకు ఇవ్వాలి. రెండో కాపీని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ మానొద్దు. ఆఫీసులో ఫైల్ కనపడకపోతే, వెతికి తెచ్చి టేబుల్ మీద పెట్టేది వాళ్లే.